మాటలకు ముందున్న రాత



రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వినే అలవాటున్నవాళ్ళకి ఈ సంగతి అనుభవమే. గంటసేపట్లో సినిమా అంతా చెవిన పడిపోతుంది. మాటలు, పాటలు, గుర్రాల డెక్కల చప్పుడు, తలుపు కిర్రుమనడం, అన్నీ వినిపిస్తాయి. ఉన్నట్టుండి మాటలు ఆగిపోతాయి. వెనక వాయిద్యాలు మాత్రం మోగుతూ ఉంటాయి. అక్కడ ఎవరో ఎవరినో చూశారు, లేదా ఓ ఉత్తరం చేతులు మారింది. మనకి తెలియదు. సినిమా చూసినవాళ్ళెవరైనా పక్కనుంటే "ఇదిగో, ఇప్పుడే కత్తి దాచేశాడు" అని చెబుతారు. ఆ కత్తి దాచడం కూడా ఎవరో ఒక రచయిత కాగితం మీద రాసిందే. మనం రచన అని లెక్కవేయం, అంతే. అచ్చయిన సినిమా స్క్రిప్టులు చదివి స్క్రిప్టు రాయడం ఎలా నేర్చుకోవచ్చో ఈ ప్రసంగంలో చెప్పాలనుకుంటున్నాను. నా దృష్టిలో ఆ చదువంతా ఆ కత్తి దగ్గరే మొదలవుతుంది.

తెలుగువాళ్ళకి సినిమా మాట మీద ఉన్న మక్కువ ఇంతా అంతా కాదు. ఒకప్పుడు హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవారు. వెండితెర నవలలు ఇంటింటా చదివేవారు. 'ముత్యాలముగ్గు', 'దానవీరశూర కర్ణ' మాటలు రికార్డులుగా వస్తే పెళ్ళిపందిళ్ళలోనూ తిరునాళ్ళలోనూ మైకుల్లో మోగాయి. సీనుకి సీను అప్పజెప్పగలిగినవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. ఇది మనకున్న ఆస్తి, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కాకపోతే దీనివల్ల ఒక చిక్కు వచ్చిపడింది. టైటిల్స్‌లో 'మాటలు' అని ఒకరి పేరు వస్తుంది, 'స్క్రీన్‌ప్లే, దర్శకత్వం' అని మరొకరి పేరు. అందుకని సినిమాకి రాయాలనే కోరిక ఉన్న పిల్లలు చాలామంది మాటలు రాయడమే రాయడం అనుకుంటున్నారు. నాకు చూపించడానికి తెచ్చే ఫైళ్ళలో పంచ్ డైలాగులు బ్రహ్మాండంగా ఉంటాయి. ఆ మాట అనేటప్పుడు మనిషి ఎక్కడున్నాడు, చేతిలో ఏముంది, ఆ గదిలో ఇంకెవరున్నారు, ఆ మాట అనకుండా ఊరుకుంటే ఏమవుతుంది అని అడిగితే జవాబు ఉండదు. తెలివి తక్కువై కాదు. అలా రాసిన కాగితాన్ని వాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు.

'మాయాబజార్' తీసుకోండి. 1957లో వచ్చింది. మాటలు పింగళి నాగేంద్రరావుగారివి, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం కె.వి. రెడ్డిగారివి. పింగళివారి మాటలు మన వాడుకలోకే వచ్చేశాయి. సరే. ఆ సినిమా మొదట్లో ప్రియదర్శిని అని ఒక పేటిక వస్తుంది. మూత తీసి చూస్తే, చూసినవాళ్ళకి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. బలరాముడు చూస్తే శిష్యుడు దుర్యోధనుడు. రేవతీదేవి చూస్తే నగలు. శశిరేఖ చూస్తే అభిమన్యుడు. కృష్ణుడు చూస్తే శకుని. నాలుగు చూపులు, నాలుగు బొమ్మలు. ఆ ఇంట్లో ఎవరి మనసు ఎటు ఉందో, రేపు పెళ్ళి మాట వచ్చినప్పుడు ఎవరు ఎటు మొగ్గుతారో అంతా అక్కడే తేలిపోయింది. శకుని బొమ్మతో రాబోయే రాజకీయం కూడా తెలిసిపోయింది. ఒక్క మనిషీ తన గురించి తను చెప్పుకోలేదు. అదే సినిమాలో మరో విశేషం ఉంది: పాండవులు ఒక్క సీనులోనైనా కనిపించరు. భారతకథలో పాండవుల్ని తెర మీదికి రానివ్వకూడదని నిర్ణయించుకోవడం కూడా రచనే. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో, ఏ వరసలో చూపించాలో తేల్చుకోవడమే స్క్రిప్టు రాయడంలో అసలు పని. మాటలు ఆ తరవాత.

మరి ఈ రాతని చదువుకుందామంటే మన భాషలో దొరికేది తక్కువ. షూటింగుకి వాడిన సీను పేపర్లు షూటింగుతోనే చెల్లిపోతాయి. పుస్తకంగా వచ్చిన తెలుగు స్క్రిప్టుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పక్కనే కేరళ ఉంది. అక్కడ తిరక్కథ, అంటే స్క్రిప్టు, నవలల పక్కన, కథల పక్కన పెట్టి అమ్మే పుస్తకం. ఎం.టి. వాసుదేవన్ నాయర్ స్క్రిప్టులు సినిమాకి సంబంధం లేని పాఠకులు కూడా కొనుక్కుని చదువుతారు. 'ఒరు వడక్కన్ వీరగాథ', 'కడవు', 'సదయం', 'పరిణయం' సినిమాలకి ఆయన నాలుగు జాతీయ అవార్డులు అందుకున్నారు, నాలుగూ స్క్రీన్‌ప్లేకే. మలయాళ సినిమాలో రాత గట్టిగా ఉంటుందని మనం మెచ్చుకుంటూ ఉంటాం. చదివే అలవాటు కూడా అక్కడ గట్టిగా ఉందన్న సంగతి మరిచిపోతాం.

ఇప్పుడు జపాన్‌లో జరిగిన ఒక కథ చెబుతాను. స్క్రిప్టు చదవడం వల్ల ఒక మనిషి జీవితం ఏ మలుపు తిరిగిందో ఇంతకంటే చక్కగా చెప్పే కథ నాకు తెలియదు.

షినొబు హషిమొతో 1918లో పుట్టాడు. 1938లో సైన్యంలో చేరితే క్షయ పట్టుకుంది. సైనికుల శానిటోరియంలో పడేశారు. పక్క మంచం మీదున్న సైనికుడు, పొద్దుపోవడానికి చదువుకోమని ఓ సినిమా పత్రిక చేతికిచ్చాడు. దాని చివరి పేజీల్లో ఒక స్క్రిప్టు అచ్చయి ఉంది. అటువంటిది హషిమొతో అంతవరకూ చూడలేదు. చదివాడు. సినిమాకి రాయడమంటే ఇంతేనా, ఇలాంటిది నేనూ రాయగలను అన్నాడు. అది అనుకున్నంత సులువు కాదన్నాడు పక్కవాడు. అయితే ఈ దేశంలో అందరికంటే బాగా రాసేవాడెవడని అడిగాడు హషిమొతో. మన్సాకు ఇతామి అని చెప్పాడు. సరే, రాసి ఆయనకే పంపిస్తానన్నాడు.

రోగి మాట అక్కడితో పోయేదే. పోలేదు. శానిటోరియంలోని సైనికుల మీదే స్క్రిప్టు రాశాడు. ఏళ్ళు పట్టింది. ఇతామికి పంపించాడు. ఇతామి కూడా అప్పటికే క్షయతో మంచాన ఉన్నాడు. ముక్కూమొహం తెలియని ఆ సైనికుడి రాత ఓపిగ్గా చదివి, లోపాలన్నీ చెబుతూ జవాబు రాశాడు. అలా హషిమొతో ఆయనకి శిష్యుడయ్యాడు. ఇతామికి ఉన్న ఒకే ఒక్క శిష్యుడు ఇతనే. 1946లో ఇతామి పోయాడు. ఆ తరవాత హషిమొతో రాసి ఉంచిన స్క్రిప్టుల్లో ఒకటి దర్శకుడు అకిరా కురొసావా చేతికి వెళ్ళింది. 1950లో అదే 'రషోమన్' అయింది. మరుసటేడు వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ అందుకుంది. ఆ తరవాత 'ఇకిరు', 'సెవెన్ సమురాయ్' కూడా కురొసావాతోనూ మరో రచయిత ఒగునితోనూ కూర్చుని రాశాడు. శానిటోరియంలో బతకడమే కష్టమన్న మనిషి 2018లో, నిండు నూరేళ్ళకి కన్నుమూశాడు. పక్క మంచం సైనికుడు పత్రిక ఇవ్వడం గొప్ప విషయమే. అందులో స్క్రిప్టు అచ్చువేసిన సంపాదకుడికి నేను అంతకంటే పెద్ద నమస్కారం పెడతాను.

'రషోమన్' స్క్రిప్టు ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. నేర్చుకునేవాళ్ళకి మొదట ఏది చదవమంటారు అని అడిగితే నేను దీని పేరే చెబుతాను. దానికి ఆధారమైన జపాన్ రచయిత అకుతగావా కథలు రెండూ చిన్నవి. ఒక పూటలో కథలు చదివి, మరో పూట స్క్రిప్టు చదివి, ఆ రాత్రికి సినిమా చూడొచ్చు. సినిమా నిడివి గంటన్నర కూడా లేదు. మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటే, రచయిత ఎక్కడెక్కడ చెయ్యి పెట్టాడో కళ్ళకి కడుతుంది.

అకుతగావా 1922లో రాసిన కథకి 'పొదలో' అని పేరు చెప్పుకుందాం. అందులో సన్నివేశాలు లేవు. అడవిలో ఒక సమురాయ్ శవం దొరికింది. ఏడుగురు వాంగ్మూలం ఇస్తారు. కట్టెలు కొట్టేవాడు, ఒక సన్యాసి, దొంగని పట్టుకున్న భటుడు, సమురాయ్ భార్యకి తల్లి, దొంగ, భార్య, ఆఖరికి పూనకం వచ్చిన మనిషి నోటితో చచ్చిపోయినవాడు. దొంగ, భార్య, చచ్చినవాడు ముగ్గురూ చంపింది తామేనంటారు. కథ అక్కడే ఆగిపోతుంది. హషిమొతో మొదట దీన్నొక్కదాన్నే స్క్రిప్టుగా రాశాడు. సినిమాకి నిడివి చాల్లేదు. అప్పుడు అకుతగావాదే 1915 నాటి మరో కథ 'రషోమన్'ని దీనికి కలిపారు.

ఆ రెండో కథలో కొన్ని పేజీలే ఉన్నాయి. వానలో పాడుబడ్డ నగరద్వారం. పనిపోయిన సేవకుడు ఒకడు అక్కడ తలదాచుకుంటాడు. పైన శవాల మధ్య ఒక ముసలమ్మ సవరాలు కట్టి అమ్ముకోడానికి శవాల జుట్టు పీకుతూ కనిపిస్తుంది. ఆకలికి చేస్తున్నాను, తప్పేముంది అంటుంది. అయితే నాదీ ఆకలే అని వాడు ఆవిడ ఒంటిమీది బట్ట లాక్కుని పారిపోతాడు. ఇంతే కథ.

సినిమాలోకి ఇందులోంచి ఏం వచ్చిందో చూడండి. ద్వారం వచ్చింది, వాన వచ్చింది. ముసలమ్మ రాలేదు, జుట్టు రాలేదు. బట్ట లాక్కోవడం మాత్రం వచ్చింది, అదీ వేరే చోట. సినిమా చివర ఆ ద్వారం దగ్గరే ఎవరో వదిలేసిన పసిబిడ్డ ఏడుపు వినబడుతుంది. వానకి అక్కడ చేరిన ముగ్గురిలో ఒకడు పరుగున వెళ్ళి, బిడ్డ మీద కప్పిన బట్టలు ఊడదీసుకుంటాడు. కట్టెలు కొట్టేవాడు అడ్డం పడతాడు. నువ్వు మాత్రం హత్య జరిగిన చోట ఉన్న ఖరీదైన బాకు కాజెయ్యలేదా అని బట్టలు తీసుకున్నవాడు నిలదీస్తాడు. దానికి జవాబు లేదు. మూల కథలోని ఒక్క దొంగతనాన్ని పట్టుకుని, ముసలమ్మ దగ్గర్నించి తీసి పసిగుడ్డు మీదికి తెచ్చి, దాంతోపాటే అంతవరకూ మనం నమ్మిన సాక్షిని కూడా దొంగగా నిలబెట్టేశారు. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ సూత్రంగా దొరకదు. కథ ఒక చేత్తో, స్క్రిప్టు ఒక చేత్తో పట్టుకుంటేనే దొరుకుతుంది.

అలాగే పోయినవాటిని కూడా వెతకండి. భార్య తల్లి వాంగ్మూలం స్క్రిప్టులో లేదు. ఎందుకు తీసేశారో మీరే ఆలోచించుకోండి. నాకు తోచిన కారణం ఇది: ఆవిడ వస్తే కూతురి గుణగణాలు మనకి ముందే తెలిసిపోతాయి, ఆ తరవాత ఎవరి మాట నమ్మాలో ఎంచుకోవడం తేలికైపోతుంది. న్యాయాధికారి సంగతి ఇంకా గొప్పది. సినిమాలో ఆయన కనిపించడు, గొంతు కూడా వినిపించదు. సాక్షులు ఇసక పరిచిన ఆవరణలో కూర్చుని మనకేసి చూస్తూ, మనకి వినబడని ప్రశ్నలకి జవాబులు చెబుతారు. తీర్పు చెప్పాల్సినవాడి చోటులో ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టారు. దానికి ఒక్క మాట ఖర్చు కాలేదు.

ఇంకో ముక్క. కట్టెలు కొట్టేవాడు అడవిలోకి వెళ్ళి శవాన్ని చూశానంటాడు. కథలో అది ఒక సాక్ష్యం, అంతే. సినిమాలో గొడ్డలి భుజాన వేసుకుని అతను నడుస్తూనే ఉంటాడు. ఆకుల సందుల్లోంచి ఎండ, కజువొ మియగావా కెమెరా, కింద సంగీతం. చాలాసేపు ఎవరూ నోరు విప్పరు. శబ్దచిత్రంలో మనకి వాయిద్యాలు మాత్రమే వినబడే చోటు సరిగ్గా ఇదే. మామూలు లోకం నుంచి ఏ మాట నిజమో తెలియని లోకంలోకి మనల్ని నడిపించుకుపోయేది ఆ నడకే.

కురొసావా తన ఆత్మకథలో ఒక సంగతి రాసుకున్నారు. 'రషోమన్' షూటింగు మొదలయ్యే ముందు ఒకరోజు సహాయ దర్శకులు ముగ్గురు వచ్చి స్క్రిప్టు అర్థం కాలేదన్నారట. శ్రద్ధగా మళ్ళీ చదవండి, అర్థమవుతుంది అన్నారట ఆయన. చదివాం, అయినా అర్థం కాలేదంటే, అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. మనుషులు తమ గురించి తాము చెప్పుకునేటప్పుడు నిజాయితీగా ఉండలేరు, ఈ స్క్రిప్టంతా దాని గురించేనని ఆయన వివరణ. ఇద్దరు సరే, మళ్ళీ చదువుతామని వెళ్ళారు. మూడో ఆయన కోపంగా వెళ్ళిపోయారు. సినిమావాళ్ళకే స్క్రిప్టు ఒక పట్టాన లొంగదు. కాబట్టి మొదటిసారి చదివి ఏమీ అర్థం కాకపోతే మీరు బెంగపెట్టుకోనక్కర్లేదు.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. స్క్రిప్టు అని అచ్చయ్యే ప్రతి పుస్తకమూ ఒకటే రకం కాదు. కొన్ని షూటింగుకి ముందు రాసినవి. కొన్ని సినిమా పూర్తయ్యాక తెర చూసి రాసుకున్నవి. రెండో రకంలో రచయిత తడబాటు, కొట్టివేత, మనసు మార్చుకోవడం కనిపించవు. నేర్చుకునేవాడికి కావలసింది అవే. 'సిటిజన్ కేన్' మీద 1971లో ఒక పుస్తకం వచ్చింది. అందులో షూటింగు స్క్రిప్టూ ఉంది, పూర్తయిన సినిమాని షాటు షాటుగా రాసిన ప్రతీ ఉంది. రెండూ పక్కపక్కన తెరిచి చూస్తే, కాగితం మీది సీను ఎడిటింగు బల్ల దాటేసరికి ఏమైందో తెలుస్తుంది. అలాంటి పుస్తకం ఒక్కటి చదివితే మామూలువి పది చదివినంత.

సత్యజిత్ రాయ్ చేసిన సాధన కూడా మనవాళ్ళకి తెలియాలి. ఆయన ఏ సినిమా స్కూల్లోనూ చదవలేదు. కలకత్తాలో ఒక ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసేవారు. ఇరవై హాలీవుడ్ స్క్రిప్టులు కలిపి 1943లో అమెరికాలో వేసిన ఒక సంకలనం ఆయన చేతికి వచ్చింది. ఆయన చదివి ఊరుకోలేదు. ఫలానా బెంగాలీ నవల సినిమాగా తీస్తున్నారని తెలిస్తే, ఆ సినిమా విడుదలయ్యేలోగా తనే దానికి స్క్రిప్టు రాసుకునేవారు. సినిమా వచ్చాక వెళ్ళి, తను రాసిందీ వాళ్ళు తీసిందీ పోల్చి చూసుకునేవారు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. 'పథేర్ పాంచాలి' 1955లో వచ్చింది. దాని వెనక ఈ అభ్యాసం ఉంది. 1940ల చివర్లో ఠాగూర్ 'ఘరే బాయిరే' నవలకి రాసిన స్క్రిప్టు అప్పట్లో సినిమా కాలేదు. 1984లో అదే నవల తీసినప్పుడు ఆ పాతప్రతి వాడకుండా మళ్ళీ కొత్తగా రాసుకున్నారు.

రాయ్ పద్ధతి ఎవరైనా అనుసరించొచ్చు. ఇప్పుడైతే ఇంకా తేలిక. అవార్డుల సీజనులో హాలీవుడ్ స్టూడియోలు ఆ ఏటి స్క్రిప్టుల్ని ఉచితంగా చదువుకోనిస్తున్నాయి. చూడని సినిమా స్క్రిప్టు ఎంచుకోండి. ఒక సీను చివరిదాకా చదివి పుస్తకం మూసేయండి. తరవాతి సీను మీరు రాయండి. అప్పుడు పేజీ తిప్పండి. మన పరిశ్రమలో పాత పద్ధతిలో పేజీకి నిలువుగా గీత గీసి, ఎడమవైపు జరిగేదీ కుడివైపు మాటలూ రాస్తారు. అలాంటి ప్రతి ఏదైనా దొరికితే కుడివైపు అరచేత్తో మూసేసి ఎడమవైపు మాత్రమే చదవండి. కథ నడుస్తోందా? ఎవరికి ఎవరి మీద కోపం ఉందో తెలుస్తోందా? తెలియకపోతే ఆ సీనుని మాటలే మోస్తున్నాయన్నమాట. మీరు రాసిన సీనుని కూడా ఇలాగే మూసి చూసుకోండి.

ఇంకో దారి: ఒకే కథకి ఇద్దరు రాసిన స్క్రిప్టుల్ని పోల్చుకోవడం. 1952 నాటి 'ఇకిరు'నే నోబెల్ రచయిత కజువొ ఇషిగురొ 2022లో 'లివింగ్' పేరుతో ఇంగ్లండుకి తీసుకెళ్ళారు. క్యాన్సరుతో కొద్దికాలంలో పోతానని తెలిసిన ఒక ప్రభుత్వ అధికారి పిల్లల పార్కు కట్టించి వెళ్ళిపోతాడు. 'ఇకిరు'లో, సినిమా ఇంకా చాలా మిగిలి ఉండగానే ఆయన చనిపోయాడని చెప్పేస్తారు. పార్కు ఎలా కట్టించాడో కర్మరోజున తాగుతూ కూర్చున్న ఆఫీసువాళ్ళ మాటల్లో, ముక్కముక్కలుగా మనకి తెలుస్తుంది. కథానాయకుణ్ణి ముందే పంపించేసి, ఆయన గొప్పతనాన్ని ఆయనంటే గిట్టనివాళ్ళ నోటితో పలికించడం! ఇంటర్వెల్లు, క్లైమాక్సు అని కథని కొలిచే మనకి ఈ అమరిక ఒకసారి చదివితే కొత్త కిటికీ తెరుచుకుంటుంది. ఇషిగురొ దీన్ని ఎంతవరకు ఉంచారో, ఎక్కడ కుదించారో మీరే చూసుకోండి.

ఇవన్నీ పరాయి భాషల ఉదాహరణలేనా అనిపించొచ్చు. స్క్రిప్టులు మన భాషలో అచ్చు కావడం లేదు గానీ కథలకి మనకేం లోటు? పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' తీసుకోండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ. పద్మరాజుగారు సినిమాలకి కూడా రాసినవారు. కథలో రావుగారు అనే పెద్దమనిషి, నియమాల మనిషి. రైల్లో ఒక ముష్టిమనిషి తారసపడుతుంది. తుఫాను రాత్రి ఇద్దరూ ఒక చిన్న స్టేషనులో చిక్కుకుంటారు. కథలో చాలాభాగం రావుగారి మనసులోనే జరుగుతుంది, కెమెరాకి మనసు కనిపించదు. ఆయన నియమాలు రైలు పెట్టెలో దేనివల్ల తెలియాలి? పెట్టె సర్దుకోవడంలోనా, చిల్లర లెక్కపెట్టుకోవడంలోనా? ముష్టిమనిషిని మొదట మనం చూడాలా, లేక గొంతు వినాలా? తుఫాను మొదలవుతోందని రావుగారికంటే ముందు ఎవరికి తెలియాలి? కథ చదివి మొదటి సీను రాయండి, మాటలు లేకుండా, ఒక్క పేజీలో. రాసింది పట్టుకుని ఎవరికైనా ఒకసారి పైకి చదివి వినిపించండి, వాళ్ళకి రావుగారు కనిపించారో లేదో అడగండి.